బంకుకు అడ్డం బడి

రిటైరైన మనిషికి ఆదివారమైనా సోమవారమైనా ఒకటే అంటారు గాని, రాధాకృష్ణమూర్తి ఆ మాట ఒప్పుకోడు. ఆదివారం పేపరుతో పాటు పుస్తకం వస్తుంది. ఆ పుస్తకం చదవడానికి ఆయనకు వరండా కావాలి, పడక్కుర్చీ కావాలి, రెండో కాఫీ కావాలి, పక్కనున్న ఖాళీ జాగా మీదుగా వచ్చే తూర్పుగాలి కావాలి. ఆ ఆదివారం పొద్దున ఆయన వేసుకున్న పథకం అంతకు మించి ఏమీ లేదు.

ఆ వరండా ఆయనకు ఊరికే రాలేదు. తెనాలి నుంచి ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చిన నాటి నుంచీ పాతబస్తీలో అద్దె వాటాల్లోనే బతికాడు. ఒక వాటా వెనక పిండిమర. ఇంకో వాటా ముందు వెల్డింగ్ షాపు. మరో వాటాకు సరిగ్గా నెత్తిన పెళ్ళి బ్యాండు వాళ్ళు ప్రాక్టీసు చేసుకునేవాళ్ళు. ఎక్కడా ఒక్క సంపాదకీయాన్ని మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన చదివిన పాపాన పోలేదు. అందుకే ఉప్పుగూడలో జాగా కొని ఇల్లు కట్టించినప్పుడు, గదులు ఇరుకైతే అయ్యాయని వరండా మాత్రం పెద్దది వేయించాడు. "ఇంటికి వరండా వేశారా, వరండాకి ఇల్లు వేశారా?" అని భార్య కోటేశ్వరమ్మ గృహప్రవేశం నాడే అడిగింది. ఉన్నన్నాళ్ళూ ఆ వరండాలో నిశ్శబ్దంగా కూర్చుని పేపరు చదువుకోవడం, ఆయన కోరుకున్నదల్లా అదే.

ఆ పొద్దున కాఫీ గ్లాసు చేతికొచ్చేసరికి ఖాళీ జాగాలో ముగ్గురు మనుషులు కనిపించారు. ఇద్దరు టేపు పట్టుకుని కొలుస్తున్నారు. మూడోవాడి నెత్తిన ఏదో పెట్రోలు కంపెనీ గుర్తున్న టోపీ ఉంది. అతను సున్నంతో గీతలు గీయించాడు. ఒక మూల గొయ్యి తవ్వించి, రాయి ఎంత లోతులో తగులుతుందో వంగి చూశాడు. ఆ తర్వాత ప్రహరీ దగ్గరికి వచ్చి, పెద్ద బండి ఈ గల్లీలోకి వచ్చి మళ్ళీ తిరగడానికి వీలవుతుందా అని రాధాకృష్ణమూర్తినే అడిగాడు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎవరు ఏమడిగినా రేపు రమ్మన్న మనిషి, ఆ రోజు మాత్రం ఏ మూడ్‌లో ఉన్నాడో, భేషుగ్గా తిరుగుతుందని అప్పటికప్పుడు చెప్పేశాడు.

ఎదురుగా కిరాణా దుకాణంలో పురుషోత్తం ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం అతను. టోపీ, గొయ్యి, పెద్ద బండి, మూడూ కలిపి చూసుకున్నాడు. నేల కింద పెట్రోలు ట్యాంకు పాతడానికి తప్ప ఎవరైనా రాయి లోతు చూస్తారా? కందిపప్పు కొనడానికి వచ్చిన మొదటి మనిషికే ఉప్పుగూడకు పెట్రోలు బంకు వస్తోందని చెప్పాడు. పదింటికల్లా గల్లీ అంతా బంకు వచ్చేసింది.

రాధాకృష్ణమూర్తి గుండెలో రాయి పడింది. పడినా పైకి అనడానికి లేదు. ఎందుకంటే ఉప్పుగూడకు బంకు కావాలని ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నది ఆయనే. ఆ రోజుల్లో వాళ్ళ గల్లీ వాళ్ళు పెట్రోలు పోయించుకోవాలంటే దబీర్‌పురా దాటి వెళ్ళాలి. ఆయన స్కూటరు సరిగ్గా దబీర్‌పురా ఇవతల ఆగిపోయేది. దాన్ని పక్కకు వంచి, కొసరు చుక్కల్ని ఇంజనులోకి దింపి, అది కూడా అయిపోయాక చెమటలు కక్కుతూ నెట్టుకెళ్ళేవాడు. ఆ కడుపుమంటతో పేపరుకు లేఖల మీద లేఖలు రాశాడు. "ఉప్పుగూడ వాసుల పెట్రోలు కష్టాలు తీరేదెన్నడు?" అన్న లేఖ అచ్చయితే దాన్ని కత్తిరించి, ఫ్రేము కట్టించి, వరండాలో తగిలించాడు. వచ్చిన వాళ్ళందరూ కుర్చీలో కూర్చోకముందే అది చదవాల్సి వచ్చేది.

అందుచేత మధ్యాహ్నానికి ఆటో నడిపే బాలనర్సింహ జిలేబీ పొట్లంతో దిగాడు.

"సార్, మీ కలంల మస్తు తాకత్ ఉన్నది," అన్నాడు పొట్లం విప్పుతూ. "ఇగ దబీర్‌పురా దాంక నూకుడు తప్పింది. గవర్నమెంటోళ్ళు సుత మీ ఇంటి పక్కకే తెచ్చి పెడ్తున్నరు సూడున్రి."

రాధాకృష్ణమూర్తి జిలేబీ నములుతూనే గోడ అవతలి జాగా వంక చూశాడు. పగలూ రాత్రీ లారీలు, హారన్లు, నీకు ముందా నాకు ముందా అని జనం, వాటన్నిటి మీదుగా తూర్పుగాలికి బదులు పెట్రోలు వాసన. ఈ ఇల్లు కూడా పిండిమర వాటా అయిపోతుందని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. బాలనర్సింహ వెళ్ళాక భార్య దగ్గర గొంతు విప్పాడు.

"బంకు కావాలని రాసింది మీరేగా?" అంది కోటేశ్వరమ్మ, మిగిలిన జిలేబీలు డబ్బాలో సర్దుతూ.

"ఊరికి కావాలని రాశాను. మన గోడకి కావాలని రాశానా?"

"గోడ కూడా ఊళ్ళోనే ఉంది కదండీ."

ఆ సాయంత్రం ఆయన నడక నెపంతో గల్లీలో ఒక్కొక్కరి మనసూ కదిపి చూశాడు. బంకు మంచిదే గాని చోటు మారిస్తే బాగుండదా అన్నట్టు మాట వదిలాడు. బంకు వద్దన్నవాడు ఒక్కడూ లేడు. తన గోడ పక్కన కావాలన్నవాడూ ఒక్కడూ లేడు. బాలనర్సింహ ఇంటి దగ్గర అతని తమ్ముడి బర్రెలకు గడ్డివాము ఉంది, నిప్పురవ్వ పడితే అంతే సంగతులు. రైల్వే గ్యాంగ్‌మన్ కృష్ణయ్య భార్య రాహేలుకు వాసన పడదు. పురుషోత్తం అయితే బంకు పేరెత్తితేనే భయపడ్డాడు. దుకాణం దగ్గర అలాంటి ప్రమాదకరమైన వస్తువు ఉండకూడదన్నాడు. అతని దుకాణంలో కిరసనాయిలు పీపా పక్కన, అగ్గిపెట్టెల వెనక, ఆగిపోయిన బండ్ల వాళ్ళ కోసం సీసాల్లో పోసి పెట్టిన పెట్రోలు ఉంటుంది. ఆ సీసాల మీంచే చెయ్యి చాపి బీడీలు తీసి ఇస్తాడు. అందరూ బాగా ఆలోచించి, రాధాకృష్ణమూర్తి గోడ పక్కనున్న జాగాకు మించిన జాగా ఉప్పుగూడలో లేదని తేల్చారు.

బహిరంగంగా కాదనలేని పనిని చాటుగా ఆపడం ఎలాగో ప్రభుత్వోద్యోగికి ఎవరూ నేర్పక్కర్లేదు. బడి పక్కన బంకుకు అనుమతి ఇవ్వరని ఏదో ఫైలులో చదివినట్టు ఆయనకు తట్టింది. బంకు రాకముందే పక్కన ఒక బడి ఉంటే? సర్వీసు మొత్తంలో ఆయన నేర్చుకున్న సత్యాలు రెండు. ఒకటి, కాగితం మీద లేనిది లోకంలో లేనట్టే. ఈ మాట చెప్పి ఆయన ఎంతమంది అర్జీదారులను తిప్పి పంపాడో లెక్కలేదు. రెండోది, ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఆఫీసరు జీపు దిగడు, బోర్డు చూసి వెళ్ళిపోతాడు. ఆ పూట ఆయనకు రెండో సత్యం గుర్తొచ్చింది, మొదటిది గుర్తు రాలేదు.

బడికి బోర్డు ఉంటే చాలు, బోర్డుకు ఒక ప్రిన్సిపాలు ఉంటే చాలు. అదృష్టవశాత్తూ ప్రిన్సిపాలు వంటింట్లోనే ఉంది. కోటేశ్వరమ్మ పెళ్ళికి ముందు టీచరు ట్రెయినింగు పాసైంది. పెళ్ళయ్యాక ఏడాదికో వాటా మారడంలో, సామాను కట్టడంలో, విప్పడంలో ఆ సర్టిఫికెట్టు ట్రంకుపెట్టె అడుక్కి చేరింది. ఆ మాట ఆమె అప్పుడప్పుడూ ఎత్తేది, ఆయన అప్పుడప్పుడూ వినేవాడు.

"ఉత్త బోర్డే," అని బతిమాలాడు. "నువ్వు చెయ్యాల్సిందేమీ లేదు."

"ఇన్నేళ్ళకు నాకు ఉద్యోగం ఇచ్చారు," అంది ఆమె. "అదీ ఉత్తదే."

దబీర్‌పురాలో ఖలీల్ పెయింటరుకు ఆ పని అప్పజెప్పాడు. "శారదా బాలవిహార్. ప్రిన్సిపాల్: శ్రీమతి కోటేశ్వరమ్మ, టి.టి.సి." ఇంతే రాయమన్నాడు. దసరాకు ముందు రోజు బోర్డు తీసుకోవడానికి వెళితే, అడుగున ఎర్రరంగులో ఇంకో వరుస కనిపించింది. "ఇంగ్లీష్ మీడియం. అడ్మిషన్లు జరుగుచున్నవి."

"ఇది నేను రాయమనలేదయ్యా," అన్నాడు రాధాకృష్ణమూర్తి.

ఖలీల్ కుంచె తుడుచుకుంటూ నవ్వాడు. "ఇన్నేండ్ల నుంచి స్కూల్ బోర్డులు రాస్తున్న సాబ్. గా లైన్ లేకుంటే నఖ్లీ స్కూల్ అనుకుంటరు. దానికి పైసలు తీస్కోను, ఫికర్ చెయ్యకున్రి."

నఖ్లీ అన్న మాట వినగానే రాధాకృష్ణమూర్తి ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. నఖ్లీ బడి నఖ్లీగా కనిపించకూడదు కదా. మారు మాట్లాడకుండా బోర్డును స్కూటరు ముందు నిలబెట్టుకుని తెచ్చి గేటుకు తగిలించాడు. దసరా సెలవుల్లో ఎలాగూ బళ్ళకు ఎవరూ రారు. అడిగిన వాళ్ళతో జూన్ నుంచి అని చెప్పొచ్చు. జూన్ నాటికి బంకు వాళ్ళు ఇంకో జాగా చూసుకుంటారు. అన్నీ ఆలోచించాడు గాని, ఆ మర్నాడు విజయదశమి అనీ, అక్షరాభ్యాసాలు చేయించేది ఆ రోజేననీ ఆయనకు తోచలేదు.

పండగ పొద్దున పడక్కుర్చీలో పేపరు విప్పాడో లేదో గేటు చప్పుడైంది. బాలనర్సింహ, అతని భార్య, కొత్త గౌనులో వాళ్ళ చిన్న కూతురు. పిల్ల చేతిలో పలక, తల్లి చేతిలో బియ్యం పోసిన పళ్ళెం, పళ్ళెంలో పసుపు కొమ్ములు, అరటిపళ్ళు.

"పోరిని దసరా నాడు బడిల ఎయ్యాలె అని సూస్తున్న సార్," అన్నాడు బాలనర్సింహ. "మన గల్లీలనే బడి దిగింది. బంకు మీరే తెస్తిరి, బడి మీరే తెస్తిరి."

జూన్‌లో రమ్మని రాధాకృష్ణమూర్తి చెప్పబోయాడు. ఈలోగా కోటేశ్వరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆమె పిల్లను చూసింది, పలకను చూసింది, మొగుణ్ణి చూసింది. ఆయన్ని పక్కకు పిలిచి తగ్గు గొంతుతో చెప్పింది. "విజయదశమి నాడు పలకతో గుమ్మంలోకి వచ్చిన బిడ్డను వెనక్కి పంపడం నా వల్ల కాదు. మీకు చేతనైతే మీరు పంపండి."

అది ఆయన వల్లా కాలేదు. ఆమె వరండాలో చాప పరిచి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చిన్న వేలు పట్టుకుని బియ్యంలో 'ఓం నమః' దిద్దించింది. ఆ దృశ్యం గేటు బయటి నుంచి ఎవరు చూశారో గాని, గల్లీలో ఉన్న ఆ ఈడు పిల్లలందరూ పళ్ళేలతో వరస కట్టారు. పురుషోత్తం దుకాణంలో పలకలు అయిపోతే, అతను షట్టరు సగం దించి ఇద్దరు కొడుకుల్నీ తీసుకుని తనూ వచ్చాడు. చివర్న రాహేలు తన కూతురు సుజనను చెయ్యి పట్టుకుని తెచ్చింది.

"మాకు బియ్యం గియ్యం లేవమ్మా," అంది కాస్త మొహమాటంగా. "అ ఆలు దిద్దిస్తే సాలు."

"అక్షరానికి బియ్యమైతేనేం, పలకైతేనేం, రా తల్లీ," అని కోటేశ్వరమ్మ సుజనకు బలపం చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. రాధాకృష్ణమూర్తి ఆ పూట పేపరు వంటింట్లో నిలబడి చదివాడు.

పండగతో పీడ వదిలిందనుకుంటే పొరపాటే. అక్షరాలు దిద్దించిన చెయ్యే గురువు. దిద్దించాక చదువు చెప్పనంటే కుదరదు. సెలవులు అయిపోయిన మర్నాడే బాలనర్సింహ ఆటో నిండా పిల్లల్ని, టిఫిన్ డబ్బాల్ని తెచ్చి గేటు ముందు దింపాడు. వాళ్ళను పొమ్మందామని రాధాకృష్ణమూర్తికి నోటిదాకా వచ్చింది. కాని గోడ అవతల సున్నం గీతలు ఇంకా చెరగలేదు. ఉత్త బోర్డు కన్నా నిండు బడి గట్టి అడ్డమని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. కొద్ది రోజులేగా అనుకున్నాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత ఆయనకు వారం తిరక్కుండా బోధపడింది. పడక్కుర్చీ పిల్లలకు రైలైంది. నలుగురు ఎక్కేవాళ్ళు, మిగతావాళ్ళు వెనక నుంచి నెట్టేవాళ్ళు. ఫ్రేము కట్టిన లేఖ దిగిపోయి, ఆ మేకుకు అక్షరాల చార్టు ఎక్కింది. ఇంగ్లీష్ మీడియం అని రాశారు గదా, టై లేదేందని తల్లులు అడిగారు. టై వచ్చాక బెల్టు అడిగారు. కోటేశ్వరమ్మ చిన్నవాళ్ళకు పాలు కలిపే వేళ ఎక్కాలు చెప్పే పని ఆయన మీద పడింది. మూడో ఎక్కం మధ్యలో ఆయన కునుకు తీస్తే, పిల్లలు ఎక్కం ఆపేసి ఆయన గురకకు తాళం వేశారు.

చివరికి ఆయన పేపరు చంకలో పెట్టుకుని ఉప్పుగూడ రైల్వే స్టేషనుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ వేపచెట్టు కింద ఒక సిమెంటు బెంచీ ఉంది. స్టేషనులో నిశ్శబ్దం వెతుక్కోవడమేమిటని టికెట్ల గుమాస్తా అడిగితే, రైలు వచ్చినా వెళ్ళిపోతుందండీ, పిల్లలు వెళ్ళరు అన్నాడు.

ఒక్క సంగతి మాత్రం ఆయన ఒప్పుకోక తప్పలేదు. కోటేశ్వరమ్మ మారిపోయింది. చీర కుచ్చెళ్ళ నిండా సుద్దపొడి. మెట్లెక్కుతుంటే మోకాళ్ళు నొప్పులని మూలిగే మనిషి, పిల్లలతో కుప్పిగంతులు వేస్తూ గుణింతాలు పాడుతోంది. తన భార్య అంత గట్టిగా పాడగలదని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు. ఆయనకు సంతోషం వేసింది, ఆ వెంటే కాస్త ఉడుకుమోత్తనమూ వచ్చింది.

దీపావళి వెళ్ళాక ఒక సాయంత్రం ఆ జాగా యజమాని సీతారాం వచ్చాడు. ధూల్‌పేట్‌లో వినాయకుడి బొమ్మల వ్యాపారం చేసి నాలుగు రాళ్ళు వెనకేసిన పెద్దమనిషి. మర్యాదగా చెప్పులు గేటు దగ్గరే వదిలాడు. రాధాకృష్ణమూర్తి ఈ క్షణం కోసమే ఎదురుచూస్తున్నాడు. కాఫీ ఇచ్చి, గొంతు సవరించుకుని, ఏమీ అనుకోవద్దంటూనే, బడి పక్కన బంకు పెట్టడానికి రూలు ఒప్పుకోదని తేల్చి చెప్పాడు.

సీతారాం గ్లాసు కింద పెట్టాడు. "బంకు పెడ్తనని మీకు ఎవలు చెప్పిన్రు సార్? నేను బడి పెడ్దమనుకున్న."

ఆ తర్వాత సీతారాం ఒక్కొక్కటే వివరించాడు. గొయ్యి పునాది కోసం. పెద్ద బండి అంటే పిల్లల బస్సు. టోపీ, మేస్త్రీ స్కూటరుకు ఇంజన్ ఆయిలు కొంటే ఊరికే ఇచ్చింది. బడి కూడా జాగాకు ఆ చివర కట్టి, ఈ గోడ వైపంతా చెట్లు పెడదామనుకున్నాడట, పక్కింట్లో పెద్దమనిషి పేపరు చదువుకుంటుంటాడని మేస్త్రీ చెప్పాడట.

రాధాకృష్ణమూర్తి గోడ అవతలికి ఒకసారి చూశాడు. "మరి కట్టలేదేం?" అన్నాడు ఎలాగో.

"దసరా పండుగకు కొబ్బరికాయ కొడ్దమని వస్తే మీ బోర్డు కనవడ్డది. పక్కపక్కకే రెండు బళ్ళు ఎట్ల నడుస్తయ్ సార్? మీది ముందుగాల పెట్టిన్రు, మీ కడుపు కొట్టుడు నాకు ఇష్టం లేదు. గప్పుడే ఒక పెట్రోలు కంపెనోళ్ళు జాగ అడిగిన్రు. వాళ్ళకు మాట ఇచ్చిన. గా ముచ్చట చెప్పి పోదమనే వచ్చిన."

"బడి పక్కన బంకు కుదరదు," అన్నాడు రాధాకృష్ణమూర్తి, ఊబిలో మనిషి గడ్డిపోచ పట్టుకున్నట్టు.

"అడిగిన్రు సార్, ఆఫీసుల అన్నీ అర్సుకున్నరు. గీడ బడి ఉన్నట్టు ఏ కాగితంల లేదట. కాగితం మీద లేనిది లేనట్టే అన్నరు."

జీవితమంతా తాను ఇతరులకు చెప్పిన మాట తన వరండాలోకి నడిచి వచ్చి తన ఎదురుగానే కూర్చుంది.

మర్నాటికి గల్లీ అంతా ఆ వరండాలో చేరింది. జిలేబీలు పంచిన బాలనర్సింహే అందరికన్నా ముందు లేచాడు. బంకు వద్దని తను అనట్లేదు, కాని బడి పక్కకా అన్నాడు. రాహేలు గడ్డివాము పక్కన పెట్టుకోవచ్చు కదా అంది. గడ్డివాము వాళ్ళు పురుషోత్తం దుకాణం వెనక జాగా చూపించారు. పురుషోత్తం రైలు పట్టాల వైపు చూపించాడు. పట్టాల వైపు కృష్ణయ్య ఇల్లుంది. ఉప్పుగూడ అంతా తిరిగి తిరిగి బంకు మళ్ళీ అదే గోడ దగ్గరికి వచ్చింది.

అప్పుడు పురుషోత్తం ఒక ఉపాయం చెప్పాడు. "బడినే వేరే ఇంట్లకు మార్చున్రి, మూర్తి సాబ్. మీకు సుత రికామ్ అయితది, వరండా ఖాళీ అయితది."

రాధాకృష్ణమూర్తి ప్రాణం ఒక్కసారి లేచి వచ్చింది. బడి పోతే వరండా తనదే. కాని బడి పోయిన మర్నాడే గోడ పక్కన లారీలు దిగుతాయి. బడిని నిలబెట్టి కాగితం మీద ఎక్కిస్తే బంకు రాదు. వరండా మాత్రం ఇక ఎన్నటికీ రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె చార్టు పక్కన నిలబడి ఉంది, చేతిలో సుద్దముక్క ఉంది.

"మీ ఇష్టమండీ," అంది ఆమె. "ఉత్త బోర్డేగా. విప్పేస్తే సరి."

అని గోడకు ఆనించిన పలకలు ఒక్కొక్కటే తీసి తుడవడం మొదలుపెట్టింది. వాటి మీద పిల్లలు రాసిన అక్షరాలు పోతున్నాయి. ఆమె ముఖంలో కోపమేమీ లేదు. ఉంటే ఆయనకు తేలికగా ఉండేది. ట్రంకుపెట్టె అడుగున సర్టిఫికెట్టును ఇన్నేళ్ళుగా తొక్కిపెట్టింది సామాను కాదు తానేనని ఆయనకు ఆ క్షణాన తెలిసింది, చాలా సిగ్గనిపించింది.

"ఆ పలకలు తుడవకు," అన్నాడు. "రేపు నేను ఆఫీసుకు వెళ్తున్నాను."

ఎందరి ఫైళ్ళనో పక్కన పడేసిన మనిషి ఆ చలికాలమంతా ఒక్క ఫైలు వెనక పరిగెత్తాడు. రేపు రమ్మన్న చోటికి రేపు వెళ్ళాడు. సాబ్ లేడన్న చోట సాబ్ వచ్చేదాకా కూర్చున్నాడు. తన దగ్గర ఒకప్పుడు పని నేర్చుకున్న గుమాస్తా లక్ష్మీకాంత్, తాను నేర్పిన కొర్రీలన్నీ వరసగా వేస్తుంటే కోపంతో పాటు కొంచెం గర్వం కూడా వేసింది ఆయనకు. ఆఖరి కొర్రీ గది గురించి. తరగతి గదికి ఉండాల్సిన కొలత ఆ ఇంట్లో ఏ గదికీ లేదు. ఒక్క వరండాకే ఉంది. వరండాను శాశ్వతంగా తరగతి గదిగా కేటాయిస్తున్నట్టు ఇంటి యజమాని రాసివ్వాలి.

రాధాకృష్ణమూర్తి కలం మూత తీసి, చాలాసేపు దాని పాళీ వంక చూసి, రాసిచ్చాడు.

గుర్తింపు వచ్చింది. బంకు వాళ్ళు ఆ జాగా వద్దని తప్పుకున్నారు. సీతారాం కూడా మంచి మనసుతో, ఎలాగూ ఖాళీగానే ఉంది గదా అని, జాగాను పిల్లలు ఆడుకోవడానికి వదిలేశాడు. దాంతో తూర్పుగాలితో పాటు తూర్పు నుంచి కబడ్డీ కూత కూడా రాసాగింది. కోటేశ్వరమ్మ బోర్డు మీద తన పేరును రోజూ తడిగుడ్డతో తుడిచేది. బాలనర్సింహ ఇప్పటికీ దబీర్‌పురా దాకా ఆటో నెడుతూనే ఉన్నాడు. ఎప్పుడైనా గేటు దగ్గర కనబడితే, బంకు ముచ్చట ఏమైంది సార్, మళ్ళా పేపర్ల రాయరాదున్రి అని అడుగుతాడు.

రాధాకృష్ణమూర్తికి మిగిలింది స్టేషను బెంచీ. నిజం చెప్పాలంటే అది అంత చెడ్డదేం కాదు. వేపచెట్టు నీడ ఉంది, గాలి ఉంది, రైలుకూ రైలుకూ మధ్య సంపాదకీయం చదివేంత వ్యవధి ఉంది. వీపుకు ఇంటి నుంచి చిన్న దిండు తెచ్చుకున్నాడు. టికెట్ల గుమాస్తా చాయ్ తెప్పిస్తాడు. వరండా పోయిన దిగులు మెల్లగా తగ్గింది. ఉన్నన్నాళ్ళూ ఇక్కడే పేపరు చదువుకుంటే చాలనుకున్నాడు.

చలి తగ్గిన ఒక ఆదివారం పొద్దున, పుస్తకం విప్పి మొదటి పేజీలో ఉండగా, బెంచీ వెనక ఖాళీ స్థలంలో మాటలు వినిపించాయి. తిరిగి చూశాడు. ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని కొలుస్తున్నారు. మూడోవాడు ఒక మూల గొయ్యి తవ్విస్తున్నాడు. అతని నెత్తిన అదే టోపీ. ఈసారి ఆ గుర్తు చొక్కా మీద కూడా ఉంది. అతను బెంచీ దగ్గరికి వచ్చి, పెద్ద బండి వస్తే ఇక్కడ తిరుగుతుందా పెద్దాయనా అని అడిగాడు.

చచ్చినా తిరగదని చెప్పాడు రాధాకృష్ణమూర్తి. పుస్తకం మడిచి దిండు కింద పెట్టి లేచాడు. బోర్డు తేవాలంటే స్కూటరు కావాలి, అందులో పెట్రోలు లేదు, అందుకని దాన్ని నెట్టుకుంటూనే ఖలీల్ పెయింటరు దుకాణం వైపు బయలుదేరాడు.